పాళీ మారిన మధ్యాహ్నం

నొక్కితే చాలు, నిన్న సాయంత్రం తిరిగొస్తుంది, ఎవరి మంచం మీద వాళ్ళుంటారు, ఎవరూ ఎక్కడికీ పోరు, ఇంత చిన్న నీలిగుండీకి అంత బలం ఎవరిచ్చారో అనుకుంటూ సుభాషిణి మౌస్ మీద వేలు పెట్టి, పెట్టిన వేలిని అట్లాగే ఉంచింది. రిస్టోర్ అని ఉంది గుండీ మీద. సర్వర్ రోజూ సాయంత్రం తనంతట తాను దాచుకునే నకలును బయటికి తీసి, ఇవాళ్టి దాని మీద పరిచేసే గుండీ. ఎడమవైపు కంట్రోల్ ప్యానెల్‌లో ఆమె చేతికింద ఉన్న సైట్ల పేర్లు బారుగా ఉన్నాయి, మార్కెట్‌లో చీరల దుకాణాలవి, లేసుల వ్యాపారిది, ఒక పెళ్ళి ఫొటోగ్రాఫర్‌ది. అన్నింటి పక్కనా పచ్చచుక్క వెలుగుతోంది. షట్టర్లు దించేసి మనుషులు ఇళ్ళల్లో దాక్కున్నారు గానీ సైట్లు మాత్రం నిండు ఆరోగ్యంతో ఉన్నాయి. ఒక్కదాని పక్కనే ఎర్ర అక్షరాలు, సస్పెండెడ్ అని. అది సూరత్‌లోని తెలుగు నేతవాళ్ళ సమాజం తమ వాడీలో పెట్టిన కోవిడ్ సెంటర్ పేజీ. వాడీ అంటే నిరుటిదాకా తమవాళ్ళ పెళ్ళిళ్ళు జరిగిన హాలే, ఇప్పుడు పందిరి గుంజల మధ్య మంచాలు వేశారు. లోపలికి ఇంటివాళ్ళను రానివ్వరు. అందుకని పేజీలో మంచం నంబరు, దాని పక్కన ఒక్క మాట. బాగున్నారు. ఆక్సిజన్ మీద ఉన్నారు. ఖాళీ. గేటు బయట ఎండలో నిలబడ్డవాళ్ళు ఆ ఒక్క మాట కోసం ఫోన్లు రుద్దుతుంటారు. ఈ మధ్యాహ్నం పాళీ, అంటే షిఫ్టు, మారే వేళకు, వాళ్ళు రుద్దుతుండగానే, ఒక మంచం తర్వాత ఇంకో మంచం పక్కన ఖాళీ అని పడుతూ పోయింది. ఖాళీ అంటే కోలుకుని ఇంటికి పోయారని అనుకునేవాళ్ళు ఈ ఏప్రిల్‌లో సూరత్‌లో ఎవరూ లేరు. ఇంటికి పోతే ఇంటివాళ్ళకు తెలియదా. ఇరవై ఆరో మంచం పక్కన కూడా పడింది. అది సాంబయ్య మంచం. సాంబయ్య ఆమె బాపు.

తప్పు ఎక్కడుందో తొందరగానే తెలిసింది, తెలిసినందువల్ల ఒరిగిందేమీ లేదు. ఖటోదరాలో బాపు పనిచేసిన కార్ఖానా సేఠ్‌కు ఆమె ఎప్పుడో ఒక పేజీ చేసిచ్చింది. మరమగ్గం, వాళ్ళ మాటలో సాంచె, దాని నంబరు, పక్కన ఒక్క మాట. నడుస్తున్నది, ఆగింది, ఖాళీ. పాళీ దిగే మనిషి తన సాంచె సంగతి ఫోన్లో నొక్కి పోవాలి. నొక్కకుండా పోయాడంటే బీము, పడుగు నూలు చుట్టిన దూలం, అయిపోయిందన్నమాట, అప్పుడు సర్వరే ఖాళీ అని రాసుకుని, కొత్త బీము పంపమని సేఠ్ ఫోన్‌కు కబురు కొట్టి, తర్వాతి సాంచెకు పోతుంది. బేన్, సాంచో ఖాలీ న రహేవో జోఈయే, అని సేఠ్ మరీ మరీ చెప్పాడు, సాంచె ఒక్క పూట కూడా ఊరికే ఉండకూడదని. అట్లా ఆ పనిని పాళీ మారగానే దానంతటదే జరిగేలా సర్వర్‌కు అప్పజెప్పింది. వాడీలో మంచాలు వేసిన రోజు సమాజం పెద్దమనుషులు వచ్చి పేజీ కావాలన్నారు, ఇవాళే కావాలన్నారు. కొత్తగా మొదటినుంచి చేయాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. నేతవాళ్ళ ఇంట్లో ఎవరికొస్తుంది? బీము అయిపోవచ్చినప్పుడు పాతదాన్ని పీకి పారేసి కొత్తదాన్ని మళ్ళీ మొదటినుంచి ఎక్కించరు. పాత పోగుల చివరలు సాంచెలోనే ఉంచి, కొత్త పోగుల్ని ఒక్కొక్కటే వాటికి ముడేస్తారు. వైపని అంటారు. ముళ్ళు పూర్తయ్యాక సాంచెను చేత్తో మెల్లగా తిప్పితే పాతవి కొత్తవాటిని తాము పోయిన దారినే లాక్కుపోతాయి. ఆమె చిన్నప్పుడు బాపు పక్కన కూచుని ఆ ముళ్ళు వేసింది, వేళ్ళకు బూడిద రాసుకుని. వాడీ పేజీకీ అదే చేసింది. సేఠ్ పేజీ మొత్తాన్ని ప్యానెల్‌లో నకలు తీసి, సాంచె అన్న చోటల్లా మంచం అని మార్చింది. పాత పోగుల వెంట ఏమేం వస్తున్నాయో చూడలేదు. ప్యానెల్‌లో ఎవరూ తెరవని ఒక మూల ఆ పాళీ పని అట్లాగే కూచుని ఉంది. వార్డులో నవత అనే పిల్ల రోజూ డాక్టర్ వచ్చిపోగానే అన్ని మంచాలూ నింపుతూ వచ్చింది కాబట్టి ఇన్నాళ్ళూ దానికి పని పడలేదు. ఇవాళ నవత కొన్ని నింపి, సిలిండర్ల బండి వచ్చిందని ఎవరో కేకేస్తే ఫోన్ కొంగున చుట్టుకుని పరుగెత్తింది. పాళీ మారింది. నింపని మంచాలను సర్వర్ ఒక్కొక్కటే ఖాళీ చేసుకుంటూ పోయింది, వాటి మీద మనుషులు ఊపిరి పీలుస్తుండగానే.

అందరూ పీలుస్తూనే ఉన్నారా అన్నదే తెలియనిది. నవత పొద్దున తన చేత్తో ఖాళీ అని నింపినవి కూడా ఉన్నాయి వాటిలో. ఉండకుండా ఎట్లా ఉంటాయి, రోజూ ఉంటున్నాయి. మనిషి రాసిన ఖాళీ, సర్వర్ రాసిన ఖాళీ, రెండూ ఒకే అక్షరాలు, ఒకే రంగు. సేఠ్ పేజీలో ఎవరు రాశారో చూపించే గడి ఒకటుండేది. మంచాల దగ్గర దానితో పనేముందని ఆమే తీసేసింది. డేటాబేస్ తెరిచి చూసింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఆమెకు తెలియని గది ఆ సర్వర్‌లో లేదు, ఎవరి ఉత్తరాలైనా చూడగలదు, ఎవరి తాళమైనా మార్చగలదు, అయినా బెంగుళూరులోనో ఎక్కడో చల్లటి గదిలో తిరుగుతున్న ఆ యంత్రానికి సాంబయ్య సంగతి ఆమెకన్నా ఎక్కువేం తెలియదు. ఫోన్‌లో సేఠ్ నుంచి ఒక మెసేజ్ వచ్చి ఉంది. బేన్, కార్ఖానూ బంధ్ ఛే, కయో సాంచో ఖాలీ? కార్ఖానా మూసి ఉంటే ఏ సాంచె ఖాళీ అయిందమ్మా అని అడుగుతున్నాడు పాపం. దానికి ముందు కబుర్లు బారుగా ఉంటాయి ఆయన ఫోన్‌లో, నకలు తీసిన పేజీలో ఆయన నంబరే ఉండిపోయింది. చివరిది ఇరవై ఆరు ఖాళీ, కొత్త బీము పంపండి. సర్వర్ రాసిన ఖాళీలు ఏవో వాటిని బట్టి తెలుస్తుంది, ఆ మంచాల మీద మనుషులు ఉన్నారో లేరో మాత్రం తెలియదు. ఆమెకు నవ్వొచ్చింది.

ఇందాక నర్సింగం ఫోన్ చేశాడు. సాంచెలు బాగుచేసే మాస్టర్ అతను, కార్ఖానాలు ఆగాక వాడీలో సిలిండర్లు మోస్తూ, పైపులు బిగిస్తూ అక్కడే ఉంటున్నాడు.

"ఏంది చెల్లె, పేజీ బంద్ జేసినవు? ఈడ గేటు ఇరగ్గొట్టేటట్టున్నరు జనం."

"గడబడ్ అయిందన్నా. సిస్టమ్ తప్పు రాసింది."

"అంటే ఖాళీ అన్నయన్నీ ఖాళీ గావా?"

"కొన్ని గావు."

"కొన్ని అంటే ఎన్ని? ఏవి? గిట్ల సగం సగం జెప్తే నేనేం జెప్పాలె వీళ్ళకు?" అతనే గొంతు తగ్గించాడు. "సరే, నేను మీదికి వొయ్యి సూస్త. ముందుగాల మీ బాపు కాడికే పోత. నిన్న ఫ్యాన్ చప్పుడు సక్కగ లేదు, జర తేల్ వెయ్యి, మాస్టర్‌వు ఎట్లయినవురా నువ్వు అని నన్నే కోపం జేసిండు."

"వద్దన్నా. జర ఆగు. నేను చూసి ఫోన్ చేస్త."

"ఆడ కూసోని నీకేం కనవడ్తది చెల్లె?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఏం కనబడుతుంది. ఫ్యాన్ చప్పుడు మాత్రం వినబడింది, ఇక్కడికి, నెత్తి మీద ఇంటి ఫ్యాన్ చప్పుడే అయినా బాపు చెవులతో వింది. బాపుకు మాటలు సరిగా వినబడవు, సాంచెల మధ్య బతికిన చెవులు, ఇంట్లో అందరూ ఆయనతో పెదవులు పెద్దగా కదిపి మాట్లాడతారు, కానీ యంత్రంలో ఎక్కడ ఒక మేకు వదులైనా పసిగడతాడు. నిరుడు లాక్‌డౌన్ పెట్టిన మొదటి రోజు తాముండే లింబాయత్ పేట మొత్తం నోరు మూసుకున్నప్పుడు, చెవులు నొస్తున్నయే, అన్నాడు. కింద అంతస్తులో ఉన్న సాంచెలు పుట్టినప్పటినుంచీ ఆమె నిద్రలో కూడా కొట్టుకునేవి, గోడ మీద చెయ్యి పెడితే చేతికి తెలిసేది, అవి ఆగాక గోడ ఉత్త గోడ అయిపోయింది. ఇప్పుడూ ఆగే ఉన్నాయి. నడిపేవాళ్ళు మళ్ళీ రైలెక్కి ఊళ్ళకు పోయారు. ఏదో ఆదివారం, ఆమె ఇంకా బడికి పోయే రోజుల్లో, డుమస్ సముద్రతీరానికి పోయినప్పుడు బాపు టమాటా భజియా పొట్లం చేతిలో పట్టుకుని సముద్రం దిక్కు చాలాసేపు చూసి, ఇదెవలి కార్ఖానా ఇంతగనం నడుస్తున్నది, బీము ఒడువదా దీనికి, అన్నాడు. పక్కన ఆమె తల్లి, అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నల్లటి ఇసుక. భజియా వేడికి బాపు నోరు తెరిచి ఊదుకుంటున్నాడు. నోరు తెరిచి. ఆ బొమ్మ మీదికి మరో బొమ్మ వచ్చి కూచుంది, అడ్మిట్ చేసిన రోజు ఆటోలో నోరు తెరిచి గాలికోసం, వద్దు, ఆమె వెంటనే కళ్ళు తెర మీదికి తెచ్చుకుంది. పచ్చచుక్కలు. లేసుల వ్యాపారి సైట్ సర్టిఫికెట్ వచ్చేవారం అయిపోతుందట, హెచ్చరిక వచ్చి ఉంది. దాన్ని కొత్తది చేసింది. పెళ్ళి ఫొటోగ్రాఫర్ జాగా నిండబోతోంది, పాత ఫైళ్ళు తీసేసింది. చేతులు ఎంత చక్కగా పనిచేస్తున్నాయి, ఒక్క అక్షరం తప్పు పోవడం లేదు.

"బిడ్డా, వచ్చిందా?"

గుడ్డతెర వెనక, లోపలి గదిలో, అవ్వ సారక్క. ఆమెకు జ్వరం తగ్గి వారం దాటలేదు, ఇంకా లేచి కూచుంటే ఆయాసం.

"రాలేదవ్వా."

"రోజూ ఈపాటికి వస్తది గద."

"నెట్ సతాయిస్తున్నది."

"నీ నెట్టుకు గూడ సోకిందా ఏంది," అంది అవ్వ. "ఒకపారి ఈడికి రా, నీ మొకం జూస్త."

"పనున్నది. నువ్వు పండుకో."

అవ్వది బటన్ల ఫోన్, అందులో పేజీ రాదు. బాపు సంగతి ఆమెకు చేరేది సుభాషిణి నోటి మీదుగానే. బాగున్నడట. అన్నం తిన్నడట. పేజీలో ఆక్సిజన్ మీద ఉన్నారు అని పడ్డ రోజు కూడా, బాగున్నడటవ్వా, అంది. అబద్ధమని అనుకోలేదు, ప్యానెల్‌లో రోజూ చేసే పనేగా, లోపల ఏదైనా విరిగిపోయినప్పుడు బయటివాళ్ళకు అందమైన పేజీ ఒకటి అడ్డం పెట్టడం, మరమ్మతులు జరుగుతున్నాయి, కాసేపట్లో వస్తాం. ముందు తాను చూడాలి, తర్వాత ఎంత చూపించాలో తాను తేల్చాలి. ఈ పనిలో ఆమెకు ఇష్టమైనదే అది, ఎవరికీ చెప్పకపోయినా. ఎప్పటినుంచి ఇట్లా అయింది తాను? ఫోన్ మళ్ళీ కదిలింది. లలితమ్మత్త. రెండు సందుల అవతల ఉంటారు, మామ ఆగయ్యది పద్నాలుగో మంచం. ఇందాక ఒకసారి ఎత్తింది, ఎత్తకపోతే బాగుండేది.

"నువ్వే గద బిడ్డా ఆపింది. నర్సింగం జెప్పిండు."

"తప్పు పడ్డదత్తమ్మా, సరిచేస్తున్న."

"సరిజెయ్యి. గని మామ ఉన్నడా లేడా, ఒక్క ముక్క జెప్పు. నేను ఎవలికీ జెప్ప."

"నాకూ తెల్వదు."

అవతల లలితమ్మ నవ్వింది, ఎండలో నిలబడి నిలబడి ఎండిపోయిన నవ్వు. "తాళంచెవులన్నీ నీ కాడనే పెట్టుకొని తెల్వదంటవా. నీకు లోపలంత కనవడ్తది. మాకు తెల్లకాయితం అతికిస్తివి."

ఇప్పుడు ఎత్తలేదు. ఫోన్ కదిలి కదిలి బల్ల అంచుదాకా జరిగి ఆగింది. ప్యానెల్‌లో ఒక గీత ఉంటుంది, ఏ సైట్‌కు ఎంతమంది వస్తున్నారో చూపించేది. ఆపేసిన పేజీకి కూడా చూపిస్తుంది. అది కొండలా లేచి ఉంది. లేచి, దిగకుండా ఉంది. తెల్లపేజీ వస్తుందని తెలిసీ వాళ్ళు రుద్దుతూనే ఉన్నారు, ఆ గీతలో ఒక చుక్క లలితమ్మత్త బొటనవేలు. అయినా ఆపకపోతే ఏమయ్యేది, బతికున్నవాళ్ళను చచ్చిపోయారనుకుని గేటు ముందు గుండెలు బాదుకునేవాళ్ళు, ఆపడం సబబే, ఎవరైనా అదే చేసేవాళ్ళు, జనం కోసమే ఆపింది. జనం కోసం. ఆ మాటను మనసులో మళ్ళీ అనుకుంటే నాలుక మీద ఇనుప రుచి తగిలింది. ఒకటో నంబరు పక్కన ఖాళీ పడ్డప్పుడు ఆమె పేజీ తెరుచుకునే ఉంది. మూడు, నాలుగు. అయ్యో అనుకుంది. తొమ్మిది పడ్డాక ఏదో తేడాగా ఉందే అనుకుంది. పద్నాలుగు పడ్డప్పుడు, అది ఆగయ్య మామ మంచమని తెలిసీ, అయ్యో పాపం అత్తమ్మ అనుకుంటూ, పెదవి కొరుకుతూ, చూస్తూ కూచుంది. సస్పెండ్ గుండీ అప్పుడు కూడా అక్కడే ఉంది. ఇరవై. ఇరవై మూడు. ఇరవై ఆరు పడింది, అప్పుడు లేచింది చెయ్యి. ఎంత వేగంగా లేచింది! పేజీ ఆపేస్తే ఆ మాటను ఎవరూ చదవరు, ఎవరూ చదవకపోతే అది ఇంకా జరగనట్టే. ఇరవై మూడు దాకా జనం చదవొచ్చు, ఇరవై ఆరును మాత్రం చదవకూడదు. గేటు బయట అందరినీ ఎండలో నిలబెట్టి తాను నీడలో కూచున్నది బాపుకోసమేనా? బాపుకోసం కూడా కాదు, బాపు అక్కడ ఏదో ఒకటి అయే ఉన్నాడు, ఉన్నాడో లేడో, పేజీతో ఆయనకు పనిలేదు. తనకోసం.

ఆ మాట వచ్చాక గదిలో ఏదో కొంచెం జరిగినట్టయింది, బరువు సామాను పక్కకు జరిపినప్పటిలా. వేలు ఇంకా రిస్టోర్ మీదే ఉంది. నొక్కితే నిన్న సాయంత్రం. ఇరవై ఆరు పక్కన నిన్నటి మాట, ఆక్సిజన్ మీద ఉన్నారు. పద్నాలుగు పక్కన బాగున్నారు. లలితమ్మత్త రెండు చేతులూ ఎత్తి దండం పెడుతుంది, ఇంటికి పోయి అన్నం వండుతుంది. రాత్రి నిజంగానే ఖాళీ అయిన మంచం ఏదైనా ఉంటే దానివాళ్ళు కూడా ఇంటికి పోయి అన్నం వండుతారు. వాళ్ళెవరో ఆమెకు తెలియదు, తెలియకుండానే వాళ్ళ పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న చప్పుడు వినబడింది. వేలు తీసేసింది. ప్యానెల్‌లో ఆ మూల పేజీకి పోయింది, పాళీ పనిని వెతికి పట్టుకుంది, ఒక్క వరస, తాను రాసిన వరసే, తన చేతిరాతలా గుర్తుపట్టింది. తీసేసింది. నిజంగా తీసేయాలా అని ప్యానెల్ అడిగింది. అవును. తర్వాత పేజీలో మంచాల పట్టీని పక్కకు పెట్టి, దాని చోట రాయడానికి కూచుంది. సాంకేతిక కారణాల వల్ల అని రాసి, కొట్టేసింది. ఇక్కడ మధ్యాహ్నం పడ్డ ఖాళీ అన్న మాటల్లో చాలావరకు తప్పు. తప్పు మంచాల దగ్గర ఉన్నవాళ్ళది కాదు, ఈ పేజీ చేసిన నాది. ఒక్కొక్క మంచం దగ్గరికి మనిషి పోయి చూసి చెబుతారు, చూసినదే ఇక్కడ పెడతాను. ఇట్లు సాంబయ్య బిడ్డ సుభాషిణి. అదే మాట హిందీలో, గుజరాతీలో. సస్పెండెడ్ అన్న ఎర్ర అక్షరాల మీద నొక్కితే పచ్చచుక్క వచ్చింది, మిగతా సైట్లవి లాగే, ఏమీ జరగనట్టు.

నర్సింగానికి ఫోన్ చేసింది. ఒక్క రింగ్‌కే ఎత్తాడు.

"సూసిన చెల్లె, పేజీ సూసిన. జనం కొంచెం సల్లవడ్డరు. తిట్టేటోళ్ళు తిడ్తున్నరనుకో, నువ్వు జర చెవులు మూసుకో." మాస్కు మీద మాస్కు కట్టుకున్న గొంతు, అందులోంచి ఏదీ తెలియడం లేదు. "నవత గూడ వచ్చింది. ఇద్దరం చెరో దిక్కు నుంచి ఒక్కొక్క మంచం కాడ నిలవడి చెప్తం, నువ్వు నింపుకో. పద్నాలుగుల ఆగయ్య ఉన్నడు. గట్టిగనే ఉన్నడు, బీడీ అడుగుతున్నడు. అది ముందుగాల ఎక్కియ్యి, ఆయన పెండ్లాం గేటు వదుల్తలేదు."

ఆమె ఎక్కించింది. పద్నాలుగు, బాగున్నారు. మంచాల పట్టీ మళ్ళీ మొలిచింది ఆ ఒక్క వరసతో.

"చెల్లె."

"ఆ."

"నువ్వు వద్దన్నవు గని, నేను మీదికి వచ్చిన. ఇరవై ఆరు కాడనే ఉన్న. చెప్పాల్నా?"

ఆమె ఆ గొంతును వింది, బాపు యంత్రాన్ని వినేటట్టు. చెప్పాల్నా. చివర కొంచెం పైకి లేచిందా, కిందికి పడిందా. బాగుంటే అడుగుతాడా, చెప్పేయడూ? బాగాలేకపోతే మాత్రం ఆగయ్య బీడీ గురించి నవ్వుతూ చెప్పగలడా? వెనకాల ఏదో గరగరమంటోంది, ఫ్యానో, సిలిండరో. ఇప్పుడు చెప్పు అంటే చెబుతాడు, ముందు తనకు తెలుస్తుంది, ఆ తర్వాత తెర వెనక్కి ఎంత పంపాలో తాను తేల్చుకోవచ్చు, ముఖం కడుక్కుని, గొంతు సరిచేసుకుని, మాటలు ఏరుకుని. అన్నం తిన్నడట. అంతసేపూ అవ్వ గోడవైపు చూస్తూ ఉంటుంది.

"ఒక్క నిమిషం అన్నా."

లేచింది. తెర పక్కకు తీస్తే అవ్వ పడుకోలేదు, గోడకు ఒరిగి, చీర మోకాళ్ళ మీదికి చుట్టుకుని, ఎప్పటినుంచి కూచుందో, కూచుని ఉంది. బిడ్డ ముఖం చూసింది. సుభాషిణి మంచం మీద ఆమె పక్కన కూచుని, ఇద్దరి మధ్యా దుప్పటి మీద ఫోన్ పెట్టి, స్పీకర్ నొక్కింది.